చుక్కలు తీసేస్తే ఐపీ అడ్రస్ మామూలు సంఖ్యే: పైథాన్‌తో నెట్‌వర్క్ లెక్కలు

చిన్న ఊళ్లలో ఇంటర్నెట్ ఇచ్చే ఆపరేటర్ల దగ్గర ఐపీ అడ్రస్‌ల లెక్క ఎక్సెల్ షీట్‌లో ఉంటుంది. లేకపోతే ఆ షీట్ తయారుచేసిన కుర్రాడి బుర్రలో ఉంటుంది. వంద కనెక్షన్ల దాకా ఇబ్బంది లేదు. నరసన్నపేటకి ఒక పూల్ (అడ్రస్‌ల గుంపు), టెక్కలికి ఇంకోటి, పలాసకి మూడోది అని పెరిగేసరికి ఒకే అడ్రస్ రెండు ఊళ్లలో తేలుతుంది. ఎవరి నెట్ ఎందుకు ఆగుతోందో అంతుపట్టదు. షీట్ దృష్టిలో అడ్రస్ అంటే ఉత్త అక్షరాల వరస, దానికి ఒకటి కలపమంటే కలపలేదు. ఇది స్క్రిప్ట్ చేయాల్సిన పని.

ఉదాహరణకి ఒక ఆపరేటర్‌ని ఊహించుకుందాం. ఆఫీసు శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర. లైన్లు 16వ నంబరు జాతీయ రహదారి వెంబడి ఇచ్ఛాపురం దాకా. చేతిలో ఉన్నది 10.20.0.0/16, అంటే 65,536 అడ్రస్‌లు. పలాసలో 900 కనెక్షన్లు, నరసన్నపేటలో 450, టెక్కలిలో 400, సోంపేటలో 220, ఇచ్ఛాపురంలో 200 (అంకెలు లెక్క కోసం వేసుకున్నవే). వీటిని ఒకదాని మీద ఒకటి పడకుండా పంచాలి.

కంప్యూటర్‌లో పైథాన్ 3 తెరవండి. మూడు బాణం గుర్తులు కనిపించాక కింది లైన్లను ఉన్నదున్నట్టు టైప్ చేయొచ్చు. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, అందుకే ఇక్కడ అన్నీ తెలుగు పేర్లే. ఒక్క జాగ్రత్త: కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక క్యారెక్టర్‌ని దూరుస్తాయి. పేరులో అది ఉంటే పైథాన్ సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. కంటికి అంతా సరిగ్గా ఉండి ఎర్రర్ వస్తే ముందు దాన్నే అనుమానించండి.

అడ్రస్‌ని సంఖ్యగా మార్చడం

ఐపీవీ4 అడ్రస్ 32 బిట్ల సంఖ్య. 1981లో ఈ ప్రోటోకాల్‌ని నిర్వచించినప్పటి నుంచీ అంతే. మనిషి చదవడానికి వీలుగా దాన్ని ఎనిమిదేసి బిట్ల చొప్పున నాలుగు ముక్కలు చేసి మధ్య చుక్కలు పెట్టారు. రూటర్‌కి ఆ చుక్కలతో పనిలేదు. హైవే మీద కిలోమీటరు రాళ్లలాగా అడ్రస్‌లన్నీ ఒకే వరసలో ఉన్న సంఖ్యలు: తీసివేస్తే మధ్య దూరం తెలుస్తుంది, ఒకటి కలిపితే పక్క రాయి వస్తుంది.

```
ఐపీ = (10 << 24) | (20 << 16) | (5 << 8) | 77
ఐపీ        # 169084237
```

రెండు బాణాల గుర్తు బిట్లను ఎడమకి జరుపుతుంది. మొదటి ముక్క 24 స్థానాలు జరుగుతుంది, రెండోది 16, మూడోది 8, చివరిది ఉన్నచోటే ఉంటుంది. నిలువు గీత ఆ నాలుగింటినీ ఒకటిగా అతికిస్తుంది. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడవు కాబట్టి గీత బదులు కూడిక గుర్తు పెట్టినా ఫలితం అదే. కానీ అప్పుడు బ్రాకెట్లు మర్చిపోతే కొంప మునుగుతుంది:

```
10 << 24 + 20 << 16      # 11529215046068469760
```

పైథాన్ ముందు కూడిక చేస్తుంది, తర్వాతే జరుపుతుంది. పైగా ఎర్రర్ రాదు, ఏదో ఒక పెద్ద సంఖ్య ఇచ్చి ఊరుకుంటుంది. అందుకే బిట్ల లెక్కల్లో బ్రాకెట్లు ఎక్కువైనా నేను తీసేయను.

తిరిగి చుక్కల్లోకి రావాలంటే కుడికి జరిపి, కింది ఎనిమిది బిట్లు మాత్రం పట్టుకోవాలి, ఆ పట్టుకునే పని అండ్ గుర్తుది:

```
(ఐపీ >> 24, (ఐపీ >> 16) & 255, (ఐపీ >> 8) & 255, ఐపీ & 255)
# (10, 20, 5, 77)
```

ఈ రెండు మార్పిడులనూ రెండు చిన్న ఫంక్షన్లుగా రాసి పెట్టుకోండి. లోపలికి వచ్చేటప్పుడు స్ట్రింగ్‌ని చుక్కల దగ్గర స్ప్లిట్ చేసి సంఖ్యగా మార్చాలి, బయటికి వెళ్లేటప్పుడు చుక్కలు పెట్టాలి. మధ్యలో స్క్రిప్ట్ అంతా సంఖ్యలతోనే నడవాలి. ఈ పద్ధతి తప్పితే ఏమవుతుందో ఇక్కడ చూడండి:

```
'10.20.10.1' < '10.20.9.1'
(10, 20, 10, 1) < (10, 20, 9, 1)
```

మొదటిది ట్రూ, రెండోది ఫాల్స్. స్ట్రింగ్‌లుగా పోల్చితే తొమ్మిది కంటే పది చిన్నది. లాగ్ ఫైల్‌ని అడ్రస్ వారీగా వరస పెట్టినప్పుడు ఊళ్లన్నీ కలగాపులగం కావడానికి సాధారణంగా ఇదే కారణం.

లోపలికి తీసుకునే చోట కాస్త కఠినంగానే ఉండాలి. సరిగ్గా నాలుగు ముక్కలు, ప్రతి ముక్కా 0 నుంచి 255 లోపు, ముందు సున్నా లేకుండా. ఈ ముందు సున్నా సంగతి చిన్నది కాదు. వరస బాగా కనిపించాలని షీట్‌లో 010 అని రాస్తారు. లినక్స్‌లో కమాండ్లు నడిపే బ్యాష్ లెక్కల్లో సున్నాతో మొదలైతే అది ఎనిమిది ఆధారపు సంఖ్య. అంటే 010 విలువ 8, ఇక 08 అంటే నేరుగా ఎర్రరే. పైథాన్‌లో స్ట్రింగ్‌ని సంఖ్యగా మారిస్తే అదే 010కి 10 వస్తుంది. ఒకే షీట్‌ని రెండు స్క్రిప్ట్‌లు రెండు రకాలుగా చదువుతాయన్నమాట. పైథాన్‌తో వచ్చే ఐపీఅడ్రస్ మాడ్యూల్ 2021లో వచ్చిన 3.9.5 వెర్షన్ నుంచి ముందు సున్నాలను ఒప్పుకోవడం మానేసింది. మీ స్క్రిప్ట్ కూడా మానేయడమే మంచిది. సరదాకి ఇంకోటి: పైథాన్ ౧౦ అనే తెలుగు అంకెల స్ట్రింగ్‌ని కూడా పదిగా మార్చేస్తుంది. ఆ మాడ్యూల్ మాత్రం మార్చదు.

బ్లాక్ సైజు, మొదలు, చివర

ఏటవాలు గీత తర్వాతి సంఖ్య, అంటే ప్రిఫిక్స్, ఎన్ని బిట్లు కదలకూడదో చెబుతుంది. మిగిలిన బిట్లే మీ చేతిలో ఉన్నవి. /26 అయితే ఆరు బిట్లు మిగులుతాయి, అంటే 64 అడ్రస్‌లు. ఆ గుంపే ఒక బ్లాక్. కదలకూడని బిట్లన్నీ ఒకటిగా, మిగిలినవి సున్నాగా ఉన్న సంఖ్య మాస్క్.

```
పరిమాణం = 2 ** (32 - 26)          # 64
అన్నీ = 2 ** 32 - 1
మాస్కు = అన్నీ - (పరిమాణం - 1)     # 4294967232
మొదలు = ఐపీ & మాస్కు              # 169084224
చివర = మొదలు + పరిమాణం - 1        # 169084287
```

వీటిని చుక్కల్లోకి మారిస్తే మాస్క్ 255.255.255.192, మొదలు 10.20.5.64, చివర 10.20.5.127 అవుతాయి. మొదటిది నెట్‌వర్క్ అడ్రస్ (బ్లాక్‌కి పేరు లాంటిది), చివరిది బ్రాడ్‌కాస్ట్ (బ్లాక్‌లో అందరికీ ఒకేసారి పంపడానికి). బ్లాక్ నుంచి బయటికి దారి అయిన గేట్‌వేకి చాలామంది మొదలుకి ఒకటి కలిపిన 10.20.5.65 ఇస్తారు. యాక్సెస్ లిస్ట్‌లలో (ఎవరిని రానివ్వాలో చెప్పే జాబితాల్లో) అడిగే వైల్డ్‌కార్డ్ మాస్క్, అంటే తిరగేసిన మాస్క్, ఇక్కడ 63, అంటే 0.0.0.63.

మాస్క్ అన్న మాటకి కంగారు పడేవాళ్లకి ఇదే లెక్క ఇంకో దారిలో:

```
ఐపీ - ఐపీ % పరిమాణం               # 169084224
```

64తో భాగిస్తే శేషం 13. ఆ శేషం తీసేస్తే బ్లాక్ మొదలు వచ్చేసింది. ఎప్పుడూ ఇంతే. ఏ బ్లాక్ అయినా తన సైజుకి గుణిజమైన సంఖ్య దగ్గరే మొదలవుతుంది. ఇంకేదీ గుర్తుండకపోయినా ఫర్వాలేదు, ఈ ఒక్క నియమం ఉంటే చాలు. ఈ వ్యాసంలో మిగిలిన చిక్కులన్నీ దీనితోనే విడిపోతాయి.

మాస్క్‌ని తయారుచేయడానికి సీ భాష అలవాటు ఉన్నవాళ్లు టిల్డె గుర్తు వాడతారు. పైథాన్‌లో సంఖ్యలకి 32 బిట్ల హద్దు లేదు కాబట్టి ఇక్కడ వచ్చేది వేరు:

```
~(పరిమాణం - 1)                   # -64
```

దీన్ని అడ్రస్‌తో అండ్ చేస్తే సరైన జవాబే వస్తుంది. కానీ చుక్కల్లోకి మార్చబోతే మొదటి ముక్క దగ్గర -1 కనిపిస్తుంది. అందుకే పైన అన్నీ అనే సంఖ్య నుంచి తీసివేశాం. జావాస్క్రిప్ట్‌లో కష్టం ఇంకో రకం. అక్కడ బిట్ లెక్కలు ధన, రుణ గుర్తు ఉండే 32 బిట్లలో జరుగుతాయి, 192ని 24 స్థానాలు జరిపితే -1073741824 వస్తుంది. చివర మూడు బాణాలూ సున్నా పెట్టి (>>> 0) సరిచేసుకోవాలి.

ఒకే బ్లాక్‌లో ఉన్నాయా?

రెండు అడ్రస్‌లు ఒకే సబ్‌నెట్‌లో, అంటే ఒకే బ్లాక్‌లో, ఉన్నాయో లేదో తెలియాలంటే వాటి మధ్య తేడా ఉన్న బిట్లు చూడాలి. టోపీ గుర్తు (^) ఆ పని చేస్తుంది.

```
ఇంకోటి = (10 << 24) | (20 << 16) | (5 << 8) | 140
(ఐపీ ^ ఇంకోటి) >> 6 == 0
```

ఫాల్స్ వస్తుంది. 77, 140 వేర్వేరు /26లలో ఉన్నాయి. ఆరు బదులు ఎనిమిది పెట్టి చూడండి, ట్రూ వస్తుంది, ఎందుకంటే /24గా చూస్తే రెండూ ఒకటే. పైథాన్ ఇక్కడ పోలికని చివర చేస్తుంది. సీలోనూ బ్యాష్‌లోనూ అండ్, టోపీ గుర్తుల కంటే పోలిక ముందు జరిగిపోతుంది, అక్కడికి ఈ లైన్లు మోసుకెళ్లేటప్పుడు బ్రాకెట్లు తప్పనిసరి.

ఐదు ఊళ్లకి పంపకం

ముందు ప్రతి ఊరికీ ఎంత సైజు కావాలో తేల్చాలి. కనెక్షన్లకి మూడు కలపండి: నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్, గేట్‌వే. వచ్చినదాన్ని రెండు ఘాతంలోకి పైకి సర్దండి. పలాసకి 903, అంటే 1024, అంటే /22. నరసన్నపేట, టెక్కలి చెరో 512, /23. సోంపేట, ఇచ్ఛాపురం చెరో 256, /24. స్క్రిప్ట్‌లో దీనికి లాగరిథమ్‌లు వాడొద్దు, దశాంశాల సవరింపులో ఎక్కడో ఒకచోట దెబ్బ కొడుతుంది. కావలసిన సంఖ్యలోంచి ఒకటి తీసి దాని బిట్ లెంగ్త్ అడగండి: 902కి 10 బిట్లు, 32లోంచి 10 పోతే 22.

పలాసలో 900కి 1024 ఇస్తే మిగిలేది కొద్దిగానే అని మీకు ఇప్పటికే అనిపించి ఉంటుంది. నిజమే. పెరిగే ఊరికి ఒక మెట్టు పైది ఇవ్వడమే నా సలహా. 65,536 ఉన్నప్పుడు పిసినారితనం ఎందుకు? ఇక్కడ మాత్రం లెక్క చిన్నగా ఉండాలని అలాగే ఉంచుతున్నా.

ఇప్పుడు వరస. పెద్ద బ్లాక్ ముందు, చిన్నది తర్వాత:

```
పలాస = (10 << 24) | (20 << 16)
నరసన్నపేట = పలాస + 1024
టెక్కలి = నరసన్నపేట + 512
సోంపేట = టెక్కలి + 512
ఇచ్ఛాపురం = సోంపేట + 256
మిగిలింది = ఇచ్ఛాపురం + 256
```

చుక్కల్లో ఇవి వరసగా 10.20.0.0/22, 10.20.4.0/23, 10.20.6.0/23, 10.20.8.0/24, 10.20.9.0/24. మిగిలింది 10.20.10.0 నుంచి మొదలవుతుంది. ప్రతిదాన్నీ దాని సైజుతో భాగించి శేషం సున్నా అని చూసుకోండి.

పెద్దది ముందు ఎందుకంటే, చిన్నది ముందు పెడితే చిల్లు పడుతుంది. సోంపేటకి మొదట 10.20.0.0/24 ఇచ్చేశాం అనుకోండి. తర్వాత పలాసకి 10.20.1.0/22 అని రాయలేం, 1024కి అది గుణిజం కాదు. తర్వాతి గుణిజం దాకా ఎక్కాలి:

```
ఎక్కడ = పలాస + 256
(ఎక్కడ + 1024 - 1) // 1024 * 1024      # 169083904
```

అది 10.20.4.0. మధ్యలో 768 అడ్రస్‌లు ఖాళీగా మిగిలాయి. నష్టమేమీ కాదు, తర్వాత చిన్న బ్లాక్‌లకి వాడుకోవచ్చు. కానీ ఈ పైకి సర్దే లైన్ స్క్రిప్ట్‌లో లేకపోతే 10.20.1.0/22 అనే లేని బ్లాక్ పుడుతుంది. కొన్ని పరికరాలు దాన్ని తిరస్కరిస్తాయి, కొన్ని నోరు మూసుకుని 10.20.0.0/22గా మార్చేసుకుంటాయి. రెండో రకంతోనే అసలు టెన్షన్, సోంపేట, పలాస ఒకదాని మీద ఒకటి పడేది అప్పుడే.

ఇప్పుడు 10.20.5.77 ఎవరిది అని అడిగితే, నరసన్నపేట మొదలు నుంచి 512 లోపు ఉంది కాబట్టి ఆ ఊరిదే. 10.20.5.255కి ఒకటి కలిపితే 10.20.6.0, అది టెక్కలి. కూడిక గీత దాటినా పైథాన్ ఏమీ అనదు, హద్దు చూసుకోవాల్సింది స్క్రిప్టే. ఇదే చోట ఇంకో అపోహ కూడా ఉంది: చివర 0, 255 ఉన్న అడ్రస్‌లు ఎవరికీ ఇవ్వకూడదని. నరసన్నపేటది /23 కాబట్టి 10.20.4.255, 10.20.5.0 రెండూ మామూలు అడ్రస్‌లే. కస్టమర్ల ఇళ్లలో బాగా పాత రూటర్లు ఉంటే ఆ రెండూ వదిలేయడం గొడవ లేని పని, అంతకుమించి కారణం లేదు.

ఊళ్ల మధ్య లింకులకి /31 చాలు. రెండే చివరలున్న లింక్‌లో నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్ అడ్రస్‌లు వదలక్కర్లేదని 2000లోనే ప్రమాణం వచ్చింది. అందుకే వాడదగ్గ అడ్రస్‌లు అంటే సైజులోంచి రెండు తీసెయ్యడం అనే సూత్రం /31 దగ్గర సున్నా, /32 దగ్గర -1 ఇస్తుంది. ఈ రెండింటికీ స్క్రిప్ట్‌లో విడిగా షరతు రాయండి.

ఈ 10.0.0.0/8 ప్రైవేటు శ్రేణి, 1996 నాటి ప్రమాణం ప్రకారం ఎవరైనా లోపల వాడుకోవచ్చు. కస్టమర్ ఇంట్లో, ఆఫీసులో కూడా అదే శ్రేణి ఉంటే తికమక. నిజంగా వేల కనెక్షన్లు ఇచ్చేవాళ్లకి 2012లో విడిగా కేటాయించిన 100.64.0.0/10 ఉంది, 41,94,304 అడ్రస్‌లు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాన్నే తీసుకోవాలంటాను. లెక్కలు ఏమీ మారవు, మూలం ఒక్కటే మారుతుంది.

కలపడం, విడగొట్టడం

శ్రీకాకుళం రూటర్‌లో ఐదు రూట్లకి (ఏ బ్లాక్ ఎటు వెళ్లాలో చెప్పే లైన్లకి) బదులు తక్కువ రాయగలమా? పక్కపక్క బ్లాక్‌లన్నీ కలవవు. ఒకే సైజున్న రెండు బ్లాక్‌లు కలవాలంటే వాటికి ఒకే ఒక్క బిట్ తేడా ఉండాలి, ఆ తేడా సైజుతో సమానం కావాలి.

```
నరసన్నపేట ^ టెక్కలి == 512
సోంపేట ^ ఇచ్ఛాపురం == 256
```

రెండూ ట్రూ. కాబట్టి ఈ నాలుగు ఊళ్లకీ 10.20.4.0/22, 10.20.8.0/23 అని రెండు రూట్లు చాలు. టెక్కలి 10.20.6.0/23, దాని పక్కనే 10.20.8.0/23 ఉన్నాయి కదా, కలిపేద్దాం అంటే కుదరదు. సైజు 1024 అవుతుంది, 6.0 దానికి గుణిజం కాదు. మళ్లీ పాత నియమమే.

ఏదైనా శ్రేణిని, ఉదాహరణకి 10.20.6.0 నుంచి 10.20.9.255 దాకా, బ్లాక్‌లుగా విడగొట్టాలంటే చక్కటి కిటుకు ఉంది. మొదలయ్యే సంఖ్యలో అట్టడుగు ఒకటి బిట్ ఎక్కడుందో చూడండి. అక్కడి నుంచి మొదలుపెట్టగలిగే అతిపెద్ద బ్లాక్ అంతే:

```
టెక్కలి & -టెక్కలి            # 512
```

మిగిలిన అడ్రస్‌లు 1024. రెండింట్లో చిన్నది 512, అది మొదటి బ్లాక్. అంత ముందుకి జరగండి. 10.20.8.0 దగ్గర ఇదే అడిగితే 2048 వస్తుంది, కానీ మిగిలింది 512 మాత్రమే, కాబట్టి 512 తీసుకోండి. అయిపోయింది. మిగిలింది రెండు ఘాతం కాకపోతే దానికంటే చిన్న రెండు ఘాతానికి దిగండి. మొదలు సున్నా అయితే ఈ కిటుకు సున్నా ఇస్తుంది, అప్పుడు మిగిలినదాన్ని బట్టే సైజు తేల్చాలి. ఈ నాలుగు ముక్కలూ ఒక వైల్ లూప్‌లో పెడితే ఎంత వంకర శ్రేణి అయినా విడిపోతుంది.

ఇదంతా చేసే మాడ్యూల్ ఉందిగా?

ఉంది. పైథాన్ 3.3 నుంచి ఐపీఅడ్రస్ మాడ్యూల్ వెంటే వస్తుంది. అడ్రస్ ఆబ్జెక్ట్‌కి నేరుగా ఒకటి కలపొచ్చు, రెండు నెట్‌వర్క్‌లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయా అని ఓవర్‌ల్యాప్స్ అనే మెథడ్‌ని అడగొచ్చు, సబ్‌నెట్స్‌తో విడగొట్టొచ్చు. 10.20.1.0/22 ఇస్తే హోస్ట్ బిట్లు (ప్రిఫిక్స్ పోగా మిగిలినవి) సున్నాగా లేవని వాల్యూ ఎర్రర్ విసురుతుంది. స్ట్రిక్ట్ అనే ఆప్షన్ ఆపేస్తే నోరు మూసుకుంటుంది, ఆపకండి. ఒక అడ్రస్‌లోంచి ఇంకో అడ్రస్ తీసివేయడం మాత్రం కుదరదు, రెండింటినీ సంఖ్యలుగా మార్చి తీసివేయాలి.

రోజువారీ పనికి నేనైతే ఆ మాడ్యూలే వాడతాను. చేతి లెక్క ఎందుకు నేర్చుకోవాలంటే, అన్నిచోట్లా పైథాన్ ఉండదు. మైక్రోటిక్ రూటర్ స్క్రిప్ట్‌లో ఐపీ ఒక సొంత రకం, దాని మీద అండ్ నేరుగా పనిచేస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఇనెట్ అనే రకానికి సంఖ్య కలపొచ్చు, రెండు ఇనెట్‌లను తీసివేయొచ్చు కూడా. మైఎస్‌క్యూఎల్ ఉత్త మార్పిడి ఫంక్షన్లు ఇచ్చి మిగతాది మీకే వదిలేస్తుంది. బ్యాష్‌లో సంఖ్యలు 64 బిట్లవి కాబట్టి పైన ఐపీవీ4కి చేసిన లెక్కలన్నీ ఇముడుతాయి.

ఐపీవీ6 మాత్రం బ్యాష్‌లో ఇమడదు, అది 128 బిట్లు. పైథాన్‌కి ఆ బాధ లేదు. ఉదాహరణల కోసమే కేటాయించిన 2001:డీబీ8::/32 మన చేతిలో ఉందనుకుని ఇంటికో /56 ఇద్దాం. పదహారు ఆధారంలోని ఆ రెండు ముక్కలు దశాంశంలో 8193, 3512.

```
మూలం = (8193 << 112) | (3512 << 96)
2 ** (56 - 32)               # 16777216 ఇళ్లు
ఇల్లు = మూలం + (41 << 72)
```

128లోంచి 56 పోతే 72, అందుకే అన్ని స్థానాలు జరిపాం. సున్నా నుంచి లెక్కపెడితే 41వ ఇంటి ప్రిఫిక్స్ అది. ఆ ఇంట్లోకి 256 /64లు వస్తాయి. ఇక్కడ బ్రాకెట్ మర్చిపోతే ఏమవుతుందో మొదట్లోనే చూశాం. కోలన్ల రూపంలో ముద్రించే పని సొంతంగా పెట్టుకోకండి, సున్నాల వరసని కుదించే నియమాలు చిరాకు, అది మాడ్యూల్‌కే వదలండి.

రూటర్‌కి ఎక్కించే ముందు

పంపకం పూర్తయ్యాక బ్లాక్‌లను మొదలు సంఖ్యని బట్టి వరస పెట్టి, ప్రతి బ్లాక్ చివర తర్వాతి బ్లాక్ మొదలు కంటే తక్కువో కాదో చూడండి. వరసలో ఉన్నాయి కాబట్టి పక్కపక్క వాటిని పోల్చితే చాలు, ప్రతిదాన్నీ ప్రతిదానితో పోల్చక్కర్లేదు. శేషం సున్నా పరీక్ష, చిట్టచివరిది 10.20.255.255 దాటలేదన్న పరీక్ష కూడా స్క్రిప్ట్‌లోనే ఉంచండి. ఏది తప్పినా స్క్రిప్ట్ అక్కడే ఆగిపోవాలి, సగం పంపకం రాసి ఊరుకోకూడదు.

గేట్‌వే అడ్రస్‌లు మార్చేటప్పుడు శ్రీకాకుళంలో కూర్చుని ఇచ్ఛాపురం రూటర్‌లోకి లాగిన్ అయి ఉంటారు, మీరు మార్చేది మీరు ప్రయాణిస్తున్న దారినే. మైక్రోటిక్ అయితే సేఫ్ మోడ్ వేసుకుని మొదలుపెట్టండి: కనెక్షన్ తెగితే చేసిన మార్పులు వెనక్కి పోతాయి. అది లేని రూటర్ అయితే కొత్త అడ్రస్‌ని ముందు కలిపి, దాని మీదుగా లాగిన్ అవుతోందని చూసుకున్నాకే పాతది తీసేయండి.